మీ అమ్మ "నేను రాన్లే" అంటే నమ్మేయకు

అమ్మలూ,

మొన్న ఫోన్లో అన్నావు కదా, హైదరాబాద్ వచ్చాక అమ్మ ఎక్కడికీ రానంటోంది, టీవీ పెట్టుకుని గదిలోనే కూర్చుంటోంది, వయసైపోయింది కదా దొడ్డమ్మా అని. వయసు మాటకొస్తే దానికన్నా నేను పెద్దదాన్ని. రామచంద్రపురంలో వీధిలో ఎవరింట పెళ్ళయినా తాంబూలాలు సర్దింది మీ అమ్మే, అలాంటిది ఊరికే మానేస్తుందా.

ముందు బాత్రూం సంగతి చూడు. నీకు చెప్పదు గానీ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఫంక్షన్ హాలంటే అదే బెంగ, వెస్టర్న్ ఉందో లేదో, ఉన్నా ఏ మేడమీదో అని. అందుకే వెళ్ళేరోజు పొద్దున్నుంచీ నీళ్ళు తాగడం మానేస్తాం, సాయంత్రానికి కళ్ళు తిరుగుతాయి, ఇంక ఆ తర్వాత ఎవరు పిలిచినా రాన్లే. నువ్వే హాలుకి ఫోన్ చేసి కనుక్కుని "కిందే ఉందట అమ్మా" అని చెప్పి చూడు. బఫే అయితే కుర్చీ వేసి ప్లేటు తెచ్చివ్వు. చెవి పరీక్ష కూడా చేయించు, ఈమధ్య ప్రతిదీ రెండుసార్లు అడుగుతోంది. మిషను పెట్టుకుంటే ముసలిదాన్లా ఉంటానంటుంది, అననీ, ఒకటడిగితే ఇంకోటి చెప్పి పిల్లలు నవ్వితే అంతకన్నా నామోషీ.

పెళ్ళికెళ్తే చదివింపులుండాలి, ప్రతిసారీ అల్లుడింట్లో అయిదొందలు అడగాలంటే ప్రాణం చివుక్కుమంటుంది. నెలనెలా అడక్కముందే దాని పర్సులో పెట్టు, లెక్కలడక్కు.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీయే గానీ ఆధార్‌ లాంటి గుర్తింపు కార్డులో అక్కడి అడ్రస్ ఉండాలి, మీ అమ్మ ఆధార్‌లో ఇంకా మన ఊరి అడ్రసే. మార్పించొచ్చు, కాకపోతే దాని పింఛను ఇక్కడ ఆంధ్రాలో వస్తోంది కదా, మన ఊరి సచివాలయంలో కనుక్కున్నాకే ఆ పని పెట్టుకో.

అసలు సంగతి ఇంకోటుంది, అది మీ అమ్మ నోటమ్మట ఎప్పటికీ రాదు. మరిదిగారు పోయాక దాన్ని పేరంటాలకి ఎవరూ పిలవట్లేదు. శ్రావణమాసంలో పక్క ఫ్లాట్ ఆవిడ నీకు బొట్టుపెట్టి పిలిచి, వెనకాలే నిలబడ్డ మీ అమ్మని చూసి ఓ నవ్వు నవ్వి వెళ్ళిపోతుంది, ఆవిడకి తెలీక చేసిందే అనుకో, అయినా గుచ్చుకుంటుంది. మీ పెదనాన్న పోయాక నాకూ ఇదే అయ్యింది. మా కోడలు ఏం చేసిందంటే, వరలక్ష్మీవ్రతం నాడు వచ్చినవాళ్ళందరి ముందూ నన్ను పీటమీద కూర్చోపెట్టి కాళ్ళకి పసుపు రాసి మొదటి వాయినం నాకే ఇచ్చింది, శనగలు, జాకెట్టు గుడ్డ అన్నీ. ఇద్దరు మొహాలు మాడ్చుకున్నారు, మాడ్చుకోనీ. మరుసటేడు మాత్రం మూడిళ్ళవాళ్ళు నన్ను పిలిచారు. నువ్వూ చెయ్యి, మీ అత్తగారేమైనా అంటే నా నంబరివ్వు.

ఇంకోటి, మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నువ్వున్నావు, మీ అమ్మ లేదు, మరి శనివారం విష్ణు సహస్రనామం ఏ బ్లాకులోనో దానికెలా తెలుస్తుంది? ఆ టైముకే స్కూల్ బస్సు దగ్గర మనవణ్ణి దింపుకునే డ్యూటీ దానికే వేస్తే తెలిసీ ఏం లాభం.

మాఘంలో మా ఆడపడుచు మనవరాలి పెళ్ళి, శుభలేఖ మీ అమ్మ పేరు మీదే వేయమన్నాను. కవరొస్తే నువ్వు విప్పకు, దాని చేతికివ్వు. రైల్లో లోయర్ బెర్త్ చూసి ముందే బుక్ చెయ్యి, సామర్లకోటలో మేం దింపుకుంటాం.

మీ దొడ్డమ్మ