రెడ్ చానెల్‌ను జరపకండి, కాస్త పెద్దది చేయండి

పాత లెన్స్‌తో తీసినట్టు ఫొటోలో ఎరుపు, నీలం అంచులు రావాలని రెడ్ చానెల్‌ను (ఫొటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరల్లో ఎరుపుదాన్ని) నాలుగు పిక్సెళ్లు పక్కకు జరిపితే, త్రీడీ కళ్లద్దాలతో చూసే బొమ్మలా తయారైందని ఒకరు అడిగారు. నేనూ మొదట్లో అదే చేశాను. మొత్తం చానెల్ జరిగితే మధ్యలో ఉన్న మనిషి కళ్లు, ముక్కు కూడా అంతే చీలిపోతాయి. లెన్స్ అలా చేయదు. గాజు నీలం కాంతిని ఎరుపు కంటే ఎక్కువ వంచుతుంది కాబట్టి ఒక్కో రంగు బొమ్మ ఒక్కో సైజులో పడుతుంది. ఫ్రేమ్ నడిమధ్యలో మూడూ కలిసే ఉంటాయి, మూలలకు పోయేకొద్దీ విడిపోతాయి. కాబట్టి మార్చాల్సింది సైజు.

ఫొటోషాప్‌లో నేను లేయర్‌కు రెండు కాపీలు తీస్తాను. పై కాపీ బ్లెండింగ్ ఆప్షన్స్‌లో జీ (ఆకుపచ్చ), బీ (నీలం) టిక్కులు తీసేస్తే ఎరుపు ఒక్కటే మిగులుతుంది. మధ్య కాపీలో ఆర్ (ఎరుపు), బీ తీసేస్తాను. కింది లేయర్‌లోంచి నీలం కనిపిస్తుంది, దాని జోలికి పోను. తర్వాత కంట్రోల్ టీ (ట్రాన్స్‌ఫార్మ్) కొట్టి పైదాన్ని 100.2 శాతానికి, మధ్యదాన్ని 100.1 శాతానికి పెంచుతాను. 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో ఆ 0.2 శాతం పక్క అంచు దగ్గరికి వచ్చేసరికి 6 పిక్సెళ్లు అవుతుంది. అంతకు మించితే కళ్లు లాగుతాయి. నీలం సైజు తగ్గించే పని మాత్రం పెట్టుకోకండి, చుట్టూ ఖాళీ పట్టీ మిగిలిపోతుంది. మనిషి ఫ్రేమ్‌లో ఓ పక్కకు ఉంటే ట్రాన్స్‌ఫార్మ్ మధ్యబిందువును ముఖం మీదికి లాగండి. లెన్స్ లెక్కకు అది తప్పే, చూడటానికి మాత్రం బాగుంటుంది.

లెన్స్ కరెక్షన్ ఫిల్టర్‌లోని కస్టమ్ ట్యాబ్‌లో రంగు అంచులను సరిచేసే స్లైడర్లున్నాయి. వాటిని అవసరం లేకుండా లాగితే అవే అంచులు వచ్చిపడతాయి. తొందర పనికి అది చాలు.

ఏ పద్ధతైనా, వెలుగు నీడలు గట్టిగా తగిలేచోటే ఇది కనబడుతుంది. ఎండ ఆకాశం ముందు కొబ్బరాకులు, చీకటి గుమ్మంలో తెల్ల పంచె లాంటివి. పొగమంచు ఫొటో మీద ఎంత తంటాలు పడ్డా దండగే.

మా బాబాయి కొడుకు పెళ్లి ఫొటోలకు ఇది పెట్టి రెండు విధాలా దెబ్బతిన్నాను. ఫోన్లకు పంపినవాటిలో ఎవరికీ ఏమీ కనిపించలేదు. 6000 పిక్సెళ్లది 1080కి కుదిస్తే నా 6 పిక్సెళ్లు ఒక్కటయ్యాయి మరి! ఇప్పుడు ముందే చివరి సైజుకు కుదించి, షార్పెనింగ్ (అంచులకు పదును పెట్టడం) కూడా అయ్యాకే రంగులు చీలుస్తున్నాను. ఆల్బం సంగతి వేరు. ల్యాబ్ కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, ఫైల్‌లో కలర్ అవుటైంది, మంచిది పంపించు" అన్నాడు. కావాలనే చేశానంటే ఒక పట్టాన నమ్మలేదు. మీరు ఆర్డర్‌తో పాటే ఒక ముక్క రాసి పంపండి.

కదిలేవాటికే రంగులు చీలాలంటే దారి వేరు. ట్రైపాడ్ మీద వరసగా మూడు ఫొటోలు తీసి, ఒకదాంట్లో ఎరుపు, ఇంకోదాంట్లో ఆకుపచ్చ, మూడోదాంట్లో నీలం ఉంచి కలపాలి. వందేళ్ల కిందట రష్యాలో ప్రొకుదిన్-గోర్‌స్కీ అనే ఫొటోగ్రాఫర్ మూడు రంగుల ఫిల్టర్లతో తీసిన ఫొటోల్లో నీటి అలల మీద ఇలాంటి చీలికలే కనిపిస్తాయి, ఆయన కోరుకున్నవి కాకపోయినా. నేను విశాఖ బీచ్‌లో తీస్తే రాళ్లు మామూలుగానే ఉన్నాయి, నురగ మాత్రం హోలీ ఆడినట్టు వచ్చింది.