కాలనీ సంఘం ఎన్నికలో మా ముగ్గురి నామినేషన్లూ తిరస్కరించారు. ఇది చెల్లుతుందా?

ప్రశ్న: అయ్యా, మాది అమలాపురం శివారులోని ఒక కాలనీ. 140 ఇళ్లున్నాయి. మా సంక్షేమ సంఘం 2009లో సొసైటీగా రిజిస్టరయింది. రెండేళ్ల క్రితం మురుగు కాలువ గుర్రపుడెక్కతో పూడుకుపోయి, నాలుగు రోజులు నీళ్లు ఇళ్లలో నిలిచిపోయినప్పుడు మేము కొంతమందిమి కలిసి కాలువ బాగుచేయించాము, వయసు మీరిన వారి ఇళ్లకు మంచినీళ్ల టిన్నులు అందించాము. అప్పటినుంచి పనులు చూస్తూనే ఉన్నాము. ఈసారి అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారి పదవులకు ముగ్గురం నామినేషన్లు వేశాము. మూడూ తిరస్కరించారు. నేను చేరి పద్నాలుగు నెలలే అయిందని, మూడేళ్ల సభ్యత్వం ఉండాలని నిరుడు కమిటీ తీర్మానించిందని నాకు చెప్పారు. మరొకరు రూ. 600 చందా బాకీ ఉన్నారన్నారు. మూడో ఆయన అద్దె ఇంట్లో ఉంటున్నారన్నారు. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో పాత కమిటీనే ఏకగ్రీవంగా ప్రకటిస్తారట. ఆ సమావేశం కబురు కూడా ఆరు రోజుల ముందు వాట్సాప్‌లో పెట్టారు. బైలా (సంఘం నియమావళి) నకలు జతచేస్తున్నాను. మేమేం చేయాలి? ఒకవేళ గెలిస్తే పాత లెక్కలకు మేము జవాబుదారులమవుతామా?
— ఒక గృహిణి, కోనసీమ

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్నీ, బైలా నకలునూ శ్రద్ధగా చదివాను. మీ సందేహం మీ ఒక్క కాలనీది కాదు. డెల్టాలో పట్టణాల అంచున కొబ్బరితోటలూ చేలూ ఇళ్ల స్థలాలుగా మారినచోటల్లా ఇటువంటి సంఘాలు వెలిశాయి. వీధిదీపం, మురుగు, మంచినీళ్లు అనే మూడు మాటల చుట్టూ పుట్టిన ఈ సంఘాల్లో ఎన్నిక ఎలా జరగాలన్న ప్రశ్న మాత్రం గొడవ వచ్చేదాకా ఎవరికీ గుర్తుకు రాదు.

ముందుగా ఒక మాట సూటిగా చెప్పాలి. మీరు చేసిన సేవ మీకు ఓట్లు తెచ్చిపెట్టవచ్చు, కానీ పోటీ చేసే హక్కును ఇవ్వదు. 1996 నవంబరు తుపానులో కొబ్బరి చెట్లు వీధులకు అడ్డంగా పడిపోయినప్పుడు వాటిని నరికి దారి చేసినవారిలో ఎవరు ఏ సంఘ సభ్యులో ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరమూ లేదు. ఎన్నిక దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ ప్రశ్న తప్పదు. కాబట్టి నామినేషన్ తిరస్కరణ మీద అభ్యంతరం రాసేటప్పుడు కాలువ పని గురించి ఒక్క వాక్యం కూడా రాయకండి. అక్కడ మీ బలమంతా బైలాలోనే ఉంది, అదృష్టవశాత్తూ అది మీవైపే ఉంది.

మీ సంఘం 2009లో రిజిస్టరయింది కనుక దానికి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 వర్తిస్తుంది. రైతుల నీటి సంఘాలకున్న 1997 చట్టం గానీ, సహకార సంఘాలకున్న 1964 చట్టం గానీ మీకు వర్తించవు. డెల్టాలో ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడటం మామూలే కాబట్టి ఈ సంగతి చెబుతున్నాను. ఎన్నికల సంఘం గానీ, పురపాలక కమిషనరు గానీ మీ ఎన్నికలో జోక్యం చేసుకోరు. సభ్యులకూ సంఘానికీ మధ్య బైలా ఒక ఒప్పందం వంటిది. శాసనంతో సమానమైన బలం బైలాకు లేకపోయినా అది సంఘాన్నీ, సభ్యులనూ ఒకరికొకరిని కట్టిపడేస్తుందని సుప్రీంకోర్టు 1969లో మన రాష్ట్రానికే చెందిన ఒక సహకార బ్యాంకు కేసులో స్పష్టం చేసింది. ఆ కట్టుబాటు మీమీద ఎంత ఉందో కమిటీమీదా అంతే ఉంది.

ఇప్పుడు మీ విషయానికి వస్తాను. మీరు పంపిన బైలాలో పోటీదారు అర్హత గురించి ఉన్నది ఒక్కటే వాక్యం: ‘ఓటు హక్కుగల ప్రతి సభ్యుడూ ఏ పదవికైనా పోటీ చేయవచ్చును.’ మూడేళ్ల మాట అందులో ఎక్కడా లేదు. ఆ షరతు పెట్టింది కమిటీ తీర్మానం. కమిటీ బైలా ప్రకారం సంఘాన్ని నడపవలసినదే గానీ బైలాను తిరగరాయగలది కాదు. బైలా మార్పు సర్వసభ్య సమావేశం చేతిలో ఉన్న అధికారం. అజెండాలో ఆ సవరణను స్పష్టంగా చూపించి, నిర్దేశించిన ఆధిక్యంతో ఆమోదించి, సవరణ ప్రతిని రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేయవలసి ఉంటుంది. ఇవేవీ జరగకుండా ఐదారుగురు ఒక గదిలో కూర్చుని రాసుకున్న తీర్మానం పోటీదారుల మీద కొత్త అనర్హతను మోపలేదు. నా దృష్టిలో మీ నామినేషన్ తిరస్కరణ నిలవదు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నిరుటి వార్షిక సమావేశంలో ఈ తీర్మానాన్ని సభ్యులతో ఆమోదింపజేసుకున్నామని వారు అనవచ్చు. అందుకే మినిట్స్ పుస్తకం (సమావేశాల్లో జరిగినది నమోదు చేసే పుస్తకం) చూపించమని లిఖితపూర్వకంగా అడగండి. చూసేటప్పుడు తీర్మానం ఒక్కటే చూసి ఊరుకోవద్దు. ఆ పేజీ పుస్తకంలో కుట్టిన పేజీయేనా, తరువాత అతికించినదా, సంతకాలు తీర్మానం కింద ఉన్నాయా లేక ముందు పేజీలో హాజరు కోసం చేసిన సంతకాలేనా అన్నది గమనించండి. నేను చూసిన ఒక వ్యాజ్యంలో హాజరు సంతకాలకూ తీర్మానానికీ మధ్య వదిలిన రెండు ఖాళీ గీతల్లో తరువాత వేరే సిరాతో ఒక వాక్యం రాశారు. కేసంతా చివరకు ఆ రెండు గీతల మీదే తిరిగింది.

రూ. 600 బాకీ ఉన్న ఆయన విషయం కొంచెం సున్నితమైనది. చందా బాకీ పడినవారికి ఓటు లేకుండా చేయడం అన్యాయమేమీ కాదు. మూడు నెలలకు మించి బాకీ ఉన్నవారిని ఓటుకు లెక్కించరాదని పాత 1860 నాటి సొసైటీల చట్టమే చెప్పింది. మీ బైలా అంత కఠినంగా లేదు. ఆరు నెలలు బాకీ ఉండి, కార్యదర్శి రాతపూర్వకంగా తెలియజేసిన తరువాత కూడా చెల్లించనివారికే ఓటు హక్కు పోతుందని రాసుకున్నారు. ఆయనకు అటువంటి కాగితం ఎప్పుడైనా అందిందా? అందకపోతే అనర్హత ఇంకా మొదలే కాలేదు. సభ్యుడి హక్కును తీసివేసేటప్పుడు సంఘం తన నియమాలను తు.చ. తప్పకుండా పాటించాలనీ, ఆ సభ్యుడికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలనీ లాడ్జి విక్టోరియా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇక్కడ బాగా పనికొస్తుంది. అది సభ్యుణ్ణి బహిష్కరించిన కేసు, ఇది ఓటు తీసివేసిన సందర్భం, అయినా సూత్రం ఒక్కటే. ఆయన చేయవలసిన పని మాత్రం ఈరోజే ఆ రూ. 600 చెల్లించి రసీదు తీసుకోవడం. కోశాధికారి తీసుకోకపోతే సంఘం బ్యాంకు ఖాతాలో జమచేసి, చలానా నకలును ఉత్తరంతో పంపాలి. బాకీ ఉంచుకుని హక్కు గురించి వాదించేవారి మీద ఏ న్యాయమూర్తికీ సానుభూతి కలగదు.

అద్దెకున్న ఆయన సంగతి తేలికగానే తేలిపోతుంది. మీ బైలాలో సభ్యుడు అంటే ‘కాలనీలో నివసించు వ్యక్తి’ అని ఉంది, ‘ఇంటి యజమాని’ అని లేదు. ఆయన దగ్గర ప్రవేశ రుసుం తీసుకుని రసీదు ఇచ్చిన సంఘం ఈరోజు ఆయన సభ్యుడు కాదనలేదు.

ఇక సమావేశం నోటీసు. బైలా 14 పూర్తి రోజులు అంటోంది. పూర్తి రోజులంటే నోటీసు ఇచ్చిన రోజునూ, సమావేశం జరిగే రోజునూ వదిలేసి లెక్కించాలి. ఆరు రోజుల వాట్సాప్ సందేశం ఆ షరతును ఏ విధంగానూ తీర్చదు. అయితే మీరంతా ఆదివారం వెళ్లి, అభ్యంతరం చెప్పకుండా కూర్చుని, కాఫీ తాగి, హాజరు పుస్తకంలో సంతకం చేసి వస్తే ఆ తరువాత నోటీసు చాలలేదన్న మీ వాదన చాలా పలచబడిపోతుంది. సమావేశానికి వెళ్లండి, కానీ సంతకం పక్కనే ‘అభ్యంతరంతో హాజరు’ అని రాయండి. ఏకగ్రీవం ప్రకటించేముందు లేచి మీ ముగ్గురి అభ్యంతరాలనూ మినిట్స్‌లో నమోదు చేయమని అడగండి. పోటీదారులను తొలగించి తెచ్చుకున్నది ఏకగ్రీవం ఎలా అవుతుందో నాకైతే అర్థం కాదు.

ఆదివారం లోపు చేయవలసినవి రెండున్నాయి. జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో రుసుం కట్టి మీ సంఘం బైలాకూ, దాని సవరణలకూ, 2001 సొసైటీల చట్టం 9వ సెక్షన్ కింద ఏటా దాఖలు చేయవలసిన కమిటీ జాబితాలకూ ధ్రువీకృత నకళ్లు తీసుకోండి. కార్యదర్శి ఇచ్చిన జిరాక్సు మీద ఆధారపడవద్దు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కనుక మీ సంఘం రికార్డు ఇప్పుడు ఏ కార్యాలయంలో ఉందో ముందుగా కనుక్కుని బయలుదేరండి. రెండోది, ముగ్గురూ వేర్వేరుగా ఎన్నికల అధికారికీ అధ్యక్షుడికీ అభ్యంతరపత్రాలు రాసి, ముట్టినట్లు రుజువు ఉండేలా స్పీడ్‌పోస్టులో పంపండి. తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా ఇవ్వమని అందులో అడగండి. వాట్సాప్ సందేశాలను చెరిపేయవద్దు. ఆ సందేశాలు వచ్చిన ఫోనును మార్చవద్దు కూడా. రేపు కోర్టులో వాటిని చూపించాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది.

చాలామంది రిజిస్ట్రారుకు ఫిర్యాదు పెట్టి నెలల తరబడి ఎదురుచూస్తారు. రిజిస్ట్రారు పత్రాలు దాఖలు చేసుకోగలరు గానీ ఎవరి ఎన్నిక చెల్లుతుందో తీర్పు చెప్పే అధికారం ఆయనకు లేదు. అటువంటి వివాదం వచ్చినప్పుడు ఏ సభ్యుడైనా మధ్యవర్తిత్వ చట్టం, 1996 కింద పరిష్కారానికి వెళ్లవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు అని 2001 సొసైటీల చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. మీకు దారి అదే. ఎన్నిక మధ్యలో ఆపమంటే కోర్టులు సాధారణంగా వెనుకాడతాయి. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి కనుక అభ్యంతరం నమోదు చేయించుకుని, ఫలితం ప్రకటించాక వెంటనే దాన్ని ప్రశ్నించడమే మంచిదని నా అభిప్రాయం. ‘వెంటనే’ అన్న మాటను తేలికగా తీసుకోకండి. ఆరు నెలలు ఆగి వస్తే అప్పటికి ఆ కమిటీ బ్యాంకు సంతకాలు మార్చుకుని, రోడ్డు పని ఒకటి మొదలుపెట్టి ఉంటుంది. కోర్టు అది కూడా చూస్తుంది.

అయితే దానికి ముందు ఒక మెట్టు ఉంది, అది మీకు ఖర్చు లేనిది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మీ దగ్గరలోని కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయ సేవాధికార కమిటీలో మీ పేరుతోనే దరఖాస్తు ఇవ్వండి. వారు అవతలి పక్షాన్ని పిలిపించి, వ్యాజ్యానికి ముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టగలరు. రేపటినుంచి ఒకే వీధిలో ఎదురెదురుగా ముగ్గులు వేసుకోవలసినవారు మీరు. తిరిగి ఎన్నిక పెడదామన్న రాజీకి అక్కడ వారు ఒప్పుకుంటే, తేదీ, 14 రోజుల నోటీసు, ఇరుపక్షాలకూ సమ్మతమైన ఎన్నికల అధికారి, రహస్య ఓటు అన్నీ లోక్ అదాలత్ ఇచ్చే అవార్డులోనే (రాజీ ఉత్తర్వులోనే) రాయించండి. లోక్ అదాలత్ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

పాత లెక్కల గురించి అడిగారు. వారి కాలంలో జరిగిన ఖర్చులకు మీరు వ్యక్తిగతంగా జవాబుదారులు కారు. కానీ పదవీ బాధ్యతలు తీసుకున్న రోజున ఉన్నదేదో లేనిదేదో రాసుకోకపోతే ఆ గీత చెరిగిపోతుంది. బ్యాంకు నిల్వ, చేతిలో ఉన్న నగదు, వాడని రసీదు పుస్తకాల వరుస సంఖ్యలు, మోటారు, నిచ్చెన, టార్పాలిన్ల వంటి వస్తువుల జాబితా రాసి ఇరుపక్షాలూ సంతకాలు చేయాలి. పాత కోశాధికారి సంతకానికి రాకపోతే ఇద్దరు సభ్యుల సమక్షంలో మీరే జాబితా తయారుచేసి, ఒక ప్రతిని ఆయనకు పోస్టులో పంపండి. ఆడిట్ కాని సంవత్సరాలుంటే మొదటి కమిటీ సమావేశంలోనే ఆడిటరును నియమించే తీర్మానం చేయండి. ఆ నివేదిక వచ్చేదాకా పాత సంవత్సరాల లెక్కల కాగితం దేనిమీదా సంతకం పెట్టకండి.