ముందు నీ సూదిని అనుమానించు

అమ్ములూ,

నువ్వు రాత్రి పంపిన ఫొటోలు పొద్దున్న కాఫీ తాగుతూ చూశాను. రెటీనాలో పచ్చగా మెరిసిపోతున్న మైక్రోగ్లియా (నరాల కణజాలంలో ఉండే రోగనిరోధక కణాలు), కింద నీ మెసేజ్: "పెద్దమ్మా, పూసలు ఎక్కించిన ఏడో రోజుకే ఎంత ఇన్‌ఫ్లమేషనో చూడు!" ఫొటోలు నిజంగా బాగున్నాయి, నా మొదటి ఏడాది ఫొటోలు చూస్తే నువ్వు నవ్వుతావు. కానీ నాకు వెంటనే వచ్చిన అనుమానం ఒకటే. ఒట్టి సెలైన్ ఎక్కించిన ఎలుక ఏది? అసలు ముట్టుకోని ఎలుక ఏది? ఆ రెండూ పక్కన లేకపోతే నువ్వు చూస్తున్నది నీటికాసుల (గ్లాకోమా) జబ్బో, నీ సూది చేసిన గాయమో నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను.

మన పత్రికల్లో ఇన్‌ఫ్లమేషన్ అనగానే 'వాపు' అని రాసేస్తారు. రెటీనాలో, కంటి నుంచి మెదడుకి వెళ్ళే ఆప్టిక్ నర్వ్‌లో జరిగేదానికి ఆ మాట సరిపోదు. అక్కడే కాపురముండే మైక్రోగ్లియా కొమ్మలు ముడుచుకుని గుండ్రంగా మారతాయి, నరకణాలకి ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్లు రూపం మార్చుకుంటాయి, టీఎన్ఎఫ్, ఐఎల్-1 లాంటి సంకేత ప్రోటీన్లు, రోగనిరోధక వ్యవస్థలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లు పెరుగుతాయి, ఒక్కోసారి రక్తంలోంచి మోనోసైట్లు అనే తెల్లకణాలు కూడా వచ్చి చేరతాయి. నువ్వు వేసిన ఐబా1 రంగు వీళ్ళలో ఇంటివాళ్ళెవరో చుట్టాలెవరో చెప్పదు, రెండిటికీ అంటుకుంటుంది. ఇంటివాళ్ళని పట్టడానికి పీ2ఆర్‌వై12, టీమెమ్119 అనే గుర్తులు ఉన్నాయి కదా అంటావు. ఉన్నాయి, కానీ మైక్రోగ్లియా రెచ్చిపోయాక ఆ గుర్తులు తగ్గిపోతాయి, సరిగ్గా నీకు కావలసిన సమయానికే. అందుకని ఒక్క రంగు మీద కథ అల్లకు.

ఇప్పుడు పూసల సంగతి. కార్నియాకి చిల్లు పెట్టి, దాని వెనకున్న కంటి ముందు గదిలోకి (యాంటీరియర్ ఛాంబర్) మైక్రోబీడ్లు, అంటే సన్న పూసలు పంపి, కంట్లో నీరు బయటకి పోయే దారి మూసేస్తే కంటి ప్రెషర్ పెరుగుతుంది. మంచి మోడలే, ఎలుక వయసు నీ చేతిలో ఉంటుంది, ఏ రోజు మొదలైందో కచ్చితంగా తెలుస్తుంది. కానీ ఆ చిల్లు కూడా గాయమే, ఆ పూసలు కూడా శరీరానికి పరాయి వస్తువులే. మొదటి వారంలో కనిపించే గోలలో సగం చిల్లుదే కావచ్చు. అందుకే సెలైన్ గుంపు తప్పనిసరి, అదీ అదే రోజు, అదే చేత్తో, అదే సైజు సూదితో. ఏడో రోజు ఒక్కటే చూసి ఆగిపోకు, రెండో వారం, నాలుగో వారం కూడా చూడు.

ఇంకో కన్ను ఉందిగా, దాన్నే కంట్రోల్‌గా వాడుకుంటానని మొన్న అన్నావు. వద్దు. ఒక కంట్లో ప్రెషర్ పెంచితే రెండో కంట్లో గ్లియా (మైక్రోగ్లియా, ఆస్ట్రోసైట్లు) కూడా కదులుతుందని చాలామంది చూశారు, నేనూ చూశాను. రెండో కన్ను ఫొటోలు తియ్యి, కానీ అది నార్మల్ కన్ను అని మాత్రం రాయకు. అలాగని రెండు కళ్ళకీ పూసలు ఎక్కించే ఆలోచన పెట్టుకోకు, ఎలుక గుడ్డిదైపోతుంది. ఎథిక్స్ కమిటీ వాళ్ళు ఫారం బీ (జంతు ప్రయోగానికి అనుమతి దరఖాస్తు) దగ్గరే ఆపేస్తారు, ఆపాలి కూడా.

మీ గైడ్ డీబీఏ/2జే ఎలుకలు తెప్పిద్దామా అంటున్నారన్నావు. ఆ జాతి చాలా పాతది, 1909లో క్లారెన్స్ లిటిల్ అనే జన్యు శాస్త్రవేత్త బొచ్చు రంగుల మీద పరిశోధన కోసం మొదలుపెట్టిన ఇన్‌బ్రెడ్ (దగ్గరి రక్తసంబంధంలోనే పెంచిన) వంశం అది, దాని కంట్లో నీటికాసులు ఉన్నాయని తెలిసింది చాలా కాలం తర్వాత. టైర్ప్1, జీపీఎన్ఎంబీ అనే రెండు జీన్లలో మార్పుల వల్ల కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ అరిగి, రంగుపొడి రాలి, నీటి దారికి అడ్డం పడుతుంది. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య ప్రెషర్ పెరుగుతుంది, పది పన్నెండు నెలలకి చాలా ఎలుకల్లో నర్వ్ దెబ్బతింటుంది. సూది అక్కర్లేదు, గాయం లేదు, అది దాని గొప్ప. కానీ ఐరిస్ జబ్బులోనే రోగనిరోధక కణాల హస్తం ఉంది, కాబట్టి నువ్వు వెనక నర్వ్‌లో చూసే మంటకీ (ఇన్‌ఫ్లమేషన్‌కీ) ముందు గదిలో మంటకీ సంబంధం లేదని తేలిగ్గా అనలేవు. పైగా ఎలుకకీ ఎలుకకీ, ఒకే ఎలుకలో కుడి కంటికీ ఎడమ కంటికీ కూడా తేడా ఉంటుంది, అంటే గుంపులు పెద్దవి కావాలి. కంట్రోల్‌గా బ్లాక్ సిక్స్ (సి57 అనే మామూలు ల్యాబ్ ఎలుక) పెట్టి సరిపెట్టుకోవద్దు, జీపీఎన్ఎంబీ జీన్ బాగున్న అదే జాతి ఎలుకలు దొరుకుతాయి, అవే సరైన జోడీ. ఇదంతా చెయ్యాలంటే ఎలుకలకి ఏడాది వయసు రావాలి, ఫెలోషిప్ గడియారం నీకోసం ఆగదు, తెప్పించేదేదో ఈ నెలలోనే తెప్పించండి.

బ్లాక్ సిక్స్ అన్నాను కాబట్టి నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్తాను. అప్పట్లో పంజరం మీద 'సి57' అని చీటీ ఉంటే చాలనుకునేదాన్ని. అది జే వంశమా ఎన్ వంశమా అని అడగలేదు. ఎన్ వంశంలో సీఆర్బీ1 జీన్‌లో ఆర్‌డీ8 అనే మార్పు ఉంటుంది, దానివల్ల రెటీనాలో అక్కడక్కడా పొరలు మడతలు పడి పాడైపోతాయి, ఆ మచ్చల దగ్గరికి మైక్రోగ్లియా చీమల్లా చేరతాయి. నేను మూడు నెలలు ఆ గుంపుల్ని లెక్కపెట్టి ప్రెషర్ వల్ల వచ్చాయని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. చివరికి ముట్టుకోని ఎలుకల్లో కూడా అవే మచ్చలు కనిపిస్తే అప్పుడు జెనోటైప్ (జీన్ల పరీక్ష) చేయించాం. మూడు నెలల పని చెత్తబుట్టలోకి. చిన్న పీసీఆర్, ఒక పూట పని, ముందే చేయించు.

మందులు. దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే గట్టిగా చెప్తున్నా. సర్జరీ తర్వాత మీ ల్యాబ్‌లో నొప్పికి మెలాక్సికామ్ ఇస్తారా? అది ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందు, నువ్వు కొలిచేదాన్నే అది నొక్కేస్తుంది. అలాగని నొప్పి మందు మానేస్తే అది పాపం, ఆలోచన కూడా వద్దు. బుప్రినార్ఫిన్ లాంటిది వాడచ్చేమో మీ వెటర్నరీ డాక్టర్ గారిని అడుగు, ఏది వాడినా అన్ని గుంపులకీ ఒకే మోతాదు, ముట్టుకోని ఎలుకలతో సహా. కంట్లో రాసే ఆయింట్‌మెంట్ ట్యూబ్ కూడా తిప్పి చదువు. టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ కుటుంబంలో మినోసైక్లిన్ మైక్రోగ్లియాని శాంతింపజేస్తుంది, దాన్ని డీబీఏ/2జే ఎలుకలకి ఇచ్చి 2008లో పేపరే వేశారు. ఇక స్టెరాయిడ్ కలిసిన మందైతే ఇన్‌ఫ్లమేషన్ తగ్గించడమే కాదు, కంటి ప్రెషర్ కూడా పెంచగలదు, నీ లెక్క రెండు వైపులా తప్పుతుంది.

ప్రెషర్ కొలవడం రోజూ ఒకే టైముకి. ఎలుకలకి రాత్రి ఎక్కువ, పగలు తక్కువ. మత్తు ఇచ్చాక నిమిషాలు గడిచేకొద్దీ పడిపోతుంది కాబట్టి, పడుకోగానే రీడింగ్ తీసుకోవాలి, ఫోన్ చూసుకుంటూ కూర్చోకూడదు.

కణాలు లెక్కపెట్టేటప్పుడు మొత్తం న్యూక్లియస్‌లు లెక్కపెట్టకు తల్లీ. ఎలుక గాంగ్లియన్ పొరలో (ఆప్టిక్ నర్వ్ తీగలు మొదలయ్యే కణాలుండే రెటీనా పొరలో) దాదాపు సగం అమాక్రిన్ అనే వేరే కణాలే, అవి చావవు, నీ నష్టం సగానికి సగం తక్కువగా కనిపిస్తుంది. ఆర్‌బీపీఎంఎస్ రంగు వేసి గాంగ్లియన్ కణాలనే పట్టుకో, నర్వ్ అడ్డంగా కోసి ఆక్సాన్లు (ఆ కణాల తీగలు) కూడా చూడు.

ఇక అసలు ప్రశ్న, మంట వల్ల నర్వ్ చస్తోందా, నర్వ్ చస్తున్నందువల్ల మంటా? నీ ఫొటోలు ఎంత అందంగా ఉన్నా దీనికి జవాబు చెప్పవు. డీబీఏ/2జేలో సీ1క్యూ (కాంప్లిమెంట్ ప్రోటీన్లలో ఒకటి) జీన్ తీసేస్తే నర్వ్ చాలావరకు నిలబడిందని 2011లో చూపించారు. మైక్రోగ్లియా వదిలే ఐఎల్-1 ఆల్ఫా, టీఎన్ఎఫ్, సీ1క్యూ మూడూ కలిసి ఆస్ట్రోసైట్లని విషంగా మారుస్తాయని 2017లో, ఆ మూడూ లేని ఎలుకల్లో పూసలు ఎక్కించినా గాంగ్లియన్ కణాలు బతికాయని 2020లో వచ్చింది. ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకల్లో ప్రెషర్ పెరిగినా నర్వ్ చెడలేదని, అందులో టీ కణాల (ఒకరకం రోగనిరోధక కణాల) పాత్ర ఉందని 2018లో. వీళ్ళంతా ఏదో ఒకటి తీసేసి చూశారు, నిన్ను నేను చెయ్యమనేదీ అదే. దీనికి ఎదురు సాక్ష్యం కూడా చదువు: నర్వ్ నలిపే మోడల్‌లో పీఎల్ఎక్స్5622 మందుతో మైక్రోగ్లియాని దాదాపు పూర్తిగా తీసేసినా కణాల చావు ఆగలేదని 2017లోనే వచ్చింది. నలపడం వేరు, ప్రెషర్ వేరు, అది నిజమే, కానీ ఆ పేపర్ నీ వైవాలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

థీసిస్ చివర్లో 'రోగులకి కొత్త చికిత్స' అని రాయాలనిపించినప్పుడు రెండు గుర్తుంచుకో. మనిషి నర్వ్ దెబ్బతినే చోట కొలాజెన్ జల్లెడ ఉంటుంది, చిట్టెలుకకి అక్కడ ఆస్ట్రోసైట్లు తప్ప జల్లెడ లేదు. రెండోది మెమాంటీన్ అనే మందు, జంతువుల్లో ఆశ పుట్టించింది, ఏళ్ళ తరబడి మనుషుల్లో పరీక్ష చేస్తే ఫలితం రాలేదు, ఆ సంగతి 2018లో బయటకి వచ్చింది.

సెలైన్ ఎలుకల కళ్ళు, ముట్టుకోనివాటి కళ్ళు ఫ్రీజర్‌లో ఉన్నాయన్నావుగా, ఈ వారమే కోసి రంగు వెయ్యి. లేజర్ సెట్టింగ్ ఒక్క గీత కూడా మార్చకు. పేర్లు తీసేసి నంబర్లు మాత్రం పెట్టి నాకు పంపు, ఏ ఫొటో ఏ గుంపుదో నేను చెప్తాను. నేను చెప్పలేకపోతే మీ గైడ్‌కి చూపించే ముందు నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ