జాక్‌లో విరిగిపోయిన ఇయర్‌ఫోన్ పిన్ను ముక్కను గుండుసూదితో తీయవచ్చా?

ఇయర్‌ఫోన్ పిన్ను కొన విరిగి ల్యాప్‌టాప్ జాక్‌లోనే ఉండిపోయిందని, అప్పటి నుండి స్పీకర్లు పలకడం లేదని, గుండుసూదితో లాగితే వస్తుందా అని అడిగారు. గుండుసూది మాత్రం వద్దు. నా ల్యాప్‌టాప్‌లోనూ ఇలాగే ముక్క ఇరుక్కుంటే జిగురుతో బయటకు తీశాను కనుక ఆ పద్ధతినే వివరిస్తాను.

3.5 మిల్లీమీటర్ల పిన్ను కొనకు వెనుక ఒక సన్నని గాడి ఉంటుంది. జాక్ లోపలి స్ప్రింగు రేకు ఆ గాడిలో కూర్చుని పిన్నును పట్టి ఉంచుతుంది కాబట్టి, ల్యాప్‌టాప్‌ను బోర్లించి తట్టినా, గాలి ఊదినా ముక్క కదలదు. పక్కనుంచి సూది దూర్చితే ఆ రేకే వంగిపోతుంది. తరువాత ముక్క వచ్చినా కొత్త ఇయర్‌ఫోన్ సరిగా పనిచేయకపోవచ్చు. పైగా కొన్ని జాక్‌లకు వెనుక వైపు మూసి ఉండదు, గట్టిగా నెట్టితే లోహపు ముక్క మదర్‌బోర్డు మీద పడే ప్రమాదం ఉంది. స్పీకర్లు మూగబోవడానికి కారణం కూడా ఈ ముక్కే. అది లోపల ఉన్నంతసేపూ హెడ్‌ఫోన్ పెట్టి ఉందనే ల్యాప్‌టాప్ భావిస్తుంది.

ముందుగా ల్యాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసివేయండి. ఖాళీ రీఫిల్ కొనకు సూపర్ గ్లూ రాయమని చాలామంది చెబుతారు గానీ, రీఫిల్ ప్లాస్టిక్‌ను ఆ జిగురు సరిగా పట్టదు. నేను లాగినప్పుడు రీఫిల్ ఒక్కటే ఊడి వచ్చింది. నాకు పనికొచ్చింది అగ్గిపుల్ల. దాని మందు భాగాన్ని తీసివేసి, కొనను నిటారుగా, చదునుగా కోసి, జిగురు లేకుండానే ఒకసారి లోపలికి పెట్టి, అంచులకు తగలకుండా ముక్కను తాకుతోందో లేదో టార్చి వెలుగులో చూసుకోండి. ఆ తరువాత కొన మీద పలుచటి పొర మిగిలేంత జిగురే ఉంచి, అదనంగా ఉన్నదాన్ని కాగితానికి అద్దేయండి. జిగురు జాక్ గోడలకు అంటిందంటే ముక్కతో పాటు పుల్ల కూడా అక్కడే ఉండిపోతుంది. అందుకే జాక్ ఉన్న వైపు కాస్త కిందికి వాలేలా ల్యాప్‌టాప్‌ను పట్టుకోవడం మేలు.

పుల్లను ముక్కకు ఆనించి, కదలకుండా పట్టుకుని, జిగురు పూర్తిగా ఆరనివ్వండి. ఈ జిగురు నేరుగా లాగితే తట్టుకుంటుంది గానీ పక్కకు వంచితే తేలికగా విడిపోతుంది. అందువల్ల ఊపకుండా, కుదపకుండా, తిన్నగా లాగాలి. రేకు గాడిని వదిలేటప్పుడు చిన్నగా టక్కుమంటుంది.

ఇరుక్కున్నది దూదో, ధూళో అయితే ఇంత శ్రమ అక్కరలేదు, ఎయిర్ బ్లోయర్ చాలు. జిగురుతోనూ రాకపోతే టెక్నీషియన్‌కు చూపించండి. కొన్ని మోడళ్లలో జాక్ వేరే చిన్న బోర్డు మీద ఉంటుంది కనుక మదర్‌బోర్డును ముట్టుకోకుండానే మార్చవచ్చు. ముక్క వచ్చాక కూడా హెడ్‌ఫోన్ గుర్తే కనబడుతుంటే, మంచి పిన్నును నెమ్మదిగా కొన్నిసార్లు పెట్టి తీసి, ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి చూడండి.