హైడ్రోజన్ రైళ్ల తయారీ సంస్థలో ఉద్యోగం కోసం ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో ఈఈఈ మూడో సంవత్సరం చదువుతోంది. హైడ్రోజన్‌తో నడిచే రైళ్లను తయారుచేసే సంస్థలో పనిచేయాలని పట్టుదలగా ఉంది. విదేశంలో ‘హైడ్రోజన్ టెక్నాలజీ’ అనే ఎమ్మెస్ కోర్సులో సీటు ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వారు అంటున్నారు. అందుకు ముప్పై లక్షల దాకా విద్యారుణం తీసుకోవాలి. ఈ రైళ్లను తయారుచేసే ప్రధాన సంస్థలు ఏవి? వాటిని నమ్ముకుని ఇంత అప్పు చేయవచ్చా? – ఒక తండ్రి, తణుకు

జవాబు: నమస్కారం. మీ రెండు ప్రశ్నలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఆ సంస్థలు ఏమేమి తయారుచేస్తున్నాయో, అందులో సొంతంగా చేసేదెంతో, బయట కొనేదెంతో తెలిస్తే అప్పు సంగతి కూడా చాలావరకు తేలిపోతుంది.

ఈ రంగంలో మొదట నిలిచింది ఫ్రాన్స్‌కు చెందిన ఆల్‌స్టామ్. ఆ సంస్థ జర్మనీలోని జాల్ట్స్‌గిటర్ కర్మాగారంలో తయారుచేసిన కొరాడియా ఐలింట్ రైలును 2016లో బెర్లిన్ ప్రదర్శనలో చూపింది. 2018 సెప్టెంబరులో అది లోయర్ శాక్సనీ రాష్ట్రంలో ప్రయాణికులతో నడవడం మొదలుపెట్టింది. 2022 సెప్టెంబరులో అదే తరహా రైలు మధ్యలో ఇంధనం నింపుకోకుండా 1,175 కిలోమీటర్లు నడిచింది. స్విట్జర్లాండ్ సంస్థ స్టాడ్లర్ అమెరికాలోని శాన్ బెర్నార్డినో కోసం చేసిన రైలు 2024 మార్చిలో, ఒక పరీక్షా ట్రాక్ మీద, ఒక్కసారి నింపిన ఇంధనంతో 2,803 కిలోమీటర్లు నడిచి ఆ రికార్డును దాటింది. జర్మనీ సంస్థ సీమెన్స్ మొబిలిటీ తయారుచేసిన మిరెయో ప్లస్ హెచ్ రైళ్లు 2024 డిసెంబరు నుంచి బెర్లిన్ సమీపంలోని హైడెక్రౌట్‌బాన్ మార్గంలో తిరుగుతున్నాయి. చైనాలో సీఆర్ఆర్‌సీ, జపాన్‌లో టయోటా, హిటాచీలతో కలిసి రైల్వే సంస్థ జేఆర్ ఈస్ట్, స్పెయిన్‌లో సీఏఎఫ్, దక్షిణ కొరియాలో హ్యుందాయ్ రోటెమ్ కూడా ఈ పనిలో ఉన్నాయి.

మీ అమ్మాయి గమనించవలసిన అసలు విషయం రైలు లోపల ఉంది. అధిక పీడనంతో, చాలా రైళ్లలో 350 బార్ (మామూలు గాలి పీడనానికి సుమారు 350 రెట్లు) వద్ద, ట్యాంకులలో నింపిన హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్‌లో గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి విద్యుత్తును పుట్టిస్తుంది. బయటకు వచ్చేది నీరు, ఆవిరి మాత్రమే. ఆ విద్యుత్తు, దాన్ని కావలసిన రూపంలోకి మార్చే కన్వర్టర్ల ద్వారా, చక్రాలను తిప్పే ట్రాక్షన్ మోటార్లకు చేరుతుంది. బండి వేగం అందుకునేటప్పుడు అదనంగా కావలసిన శక్తిని లిథియం బ్యాటరీ ఇస్తుంది, బ్రేకు వేసినప్పుడు తిరిగి వచ్చే శక్తిని అదే దాచుకుంటుంది. అంటే ఇది తన విద్యుత్తును తానే తయారుచేసుకునే ఎలక్ట్రిక్ రైలు. ఇక ఫ్యూయల్ సెల్ విషయానికి వస్తే, దానిని రైలు కంపెనీలు ఎక్కువగా బయటినుంచే కొంటున్నాయి. ఐలింట్‌కు కమిన్స్, సీమెన్స్, స్టాడ్లర్ రైళ్లకు కెనడా సంస్థ బల్లార్డ్, సీఏఎఫ్ ప్రయోగానికి టయోటా వాటిని అందించాయి. కాబట్టి రైలు తయారీ సంస్థ ఇంజినీరులో మొదట చూసేది పవర్ ఎలక్ట్రానిక్స్, ట్రాక్షన్ నియంత్రణ, బ్యాటరీ నిర్వహణ, భద్రతా ప్రమాణాలపై పట్టునే. ఇవన్నీ ఈఈఈ విద్యార్థికి దగ్గరి విషయాలు కావడం మీ అమ్మాయికి కలిసివచ్చే అంశం.

ఇక అప్పు సంగతి. హైడ్రోజన్ రైలు గిరాకీ ఇంకా నిలకడగా లేదు. తొలి రైలు నడిచిన లోయర్ శాక్సనీ రాష్ట్రపు రైలు సంస్థే, ఖర్చు లెక్కలు చూసుకుని, ఇకపై డీజిల్ బండ్ల స్థానంలో బ్యాటరీ రైళ్లు తీసుకుంటామని 2023లో ప్రకటించింది. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి టౌనస్ మార్గాలకు 27 ఐలింట్ రైళ్లు కొన్నారు. అవి తరచుగా మొరాయించడంతో డీజిల్ బండ్లను మళ్లీ దించవలసి వచ్చింది. విద్యుత్తుతో హైడ్రోజన్ తయారుచేసి, దాన్ని మళ్లీ విద్యుత్తుగా మార్చేసరికి చక్రానికి చేరేది మొదటి శక్తిలో సుమారు మూడో వంతే అన్నది ఇందులోని మౌలికమైన చిక్కు. విద్యుత్ తీగలు వేయడం గిట్టుబాటు కాని, బ్యాటరీకి అందనంత పొడవైన మార్గాలలో దీనికి తప్పక చోటుంది, ఆ చోటు ఎంత పెద్దదన్నదే తేలవలసి ఉంది. పైన చెప్పిన కంపెనీలు దాదాపు అన్నీ బ్యాటరీ రైళ్లను, తీగల కింద నడిచే రైళ్లను కూడా తయారుచేస్తున్నాయి. హైడ్రోజన్ ఆర్డర్లు తగ్గినా ట్రాక్షన్ తెలిసిన ఇంజినీరును అవి పక్క విభాగంలోకి తీసుకోగలవు. హైడ్రోజన్ ఒక్కటే చదివినవారికి ఆ వెసులుబాటు తక్కువ. అందువల్ల హైడ్రోజన్ పేరు మీదనే నడిచే కోర్సుకు ముప్పై లక్షలు అప్పు చేయడం నాకు సమ్మతం కాదు.

మన దేశంలో ఏముందో కూడా చూడండి. బ్రాడ్‌గేజ్ మార్గాల విద్యుదీకరణ దాదాపు పూర్తయింది కనుక ఇక్కడ హైడ్రోజన్‌కు మిగిలేది ప్రధానంగా డార్జిలింగ్, నీలగిరి, కాల్కా–సిమ్లా వంటి కొండ దారులు. ఆ ఉద్దేశంతోనే రైల్వే శాఖ 35 హైడ్రోజన్ రైళ్ల పథకాన్ని ప్రకటించింది, ఒక్కో రైలుకు 80 కోట్ల రూపాయలు అంచనా వేసింది. దానికి ముందు మెట్టుగా హర్యానాలోని జింద్–సోనీపత్ మార్గం కోసం ఒక డీజిల్ బండిని మార్చే 111.83 కోట్ల పని చేపట్టింది. ఆ పనిని దక్కించుకున్నది హైదరాబాద్‌కు చెందిన మేధా సర్వో డ్రైవ్స్. 2021లో బల్లార్డ్ నుంచి ఫ్యూయల్ సెల్స్‌కు ఆర్డర్ పెట్టిన సంస్థ కూడా ఇదే. చెన్నైలోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో హైడ్రోజన్ పవర్ కారును (రైలును లాగే ఇంజిన్ పెట్టెను) 2025 జులైలో పరీక్షించారు. ఇంధనం వైపు చూస్తే, విశాఖ దగ్గరి పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. తణుకు నుంచి చూస్తే సీమెన్స్ కంటే మేధా దగ్గర. ఇంటర్న్‌షిప్ ప్రయత్నం అక్కడినుంచే మొదలుపెట్టమని మీ అమ్మాయికి చెప్పండి, ఈ వేసవి సెలవులు దాటనివ్వవద్దు.

నాలుగో సంవత్సరం ప్రాజెక్టుగా ఫ్యూయల్ సెల్, బ్యాటరీ కలిసి పనిచేసే రైలుకు శక్తి పంపకాన్ని మాట్‌ల్యాబ్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో నమూనాగా కట్టమనండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కంటే దాని గురించే ఎక్కువసేపు మాట్లాడవచ్చు. తరువాత గేట్ రాసి, పవర్ ఎలక్ట్రానిక్స్ అండ్ డ్రైవ్స్‌లో ఎంటెక్ చేయవచ్చు. రైల్వేల మీదే మనసుంటే వడోదరలో రైల్వే శాఖ ఆధ్వర్యంలోని గతిశక్తి విశ్వవిద్యాలయాన్ని పరిశీలించండి. విదేశమే వెళ్లాలనుకుంటే రైలు వాహన ఇంజినీరింగ్‌కు దీర్ఘకాల సంప్రదాయం ఉన్న జర్మనీలోని ఆఖెన్, డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయాలను ముందు చూడండి. అవి ప్రభుత్వ విద్యాసంస్థలు కనుక ఖర్చు చాలావరకు జీవన వ్యయమే. అయితే జర్మన్ భాష రాకుండా అక్కడి రైలు కర్మాగారాలలో నిలదొక్కుకోవడం కష్టం. ఆ చదువు ఇప్పుడే మొదలుపెట్టాలి.

కన్సల్టెన్సీ వారిని మాత్రం మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఆ కోర్సులో పవర్ ఎలక్ట్రానిక్స్, ట్రాక్షన్ పేపర్లు ఎన్ని ఉన్నాయి, గత రెండు బ్యాచ్‌లలో రైలు తయారీ సంస్థలలో చేరినవారు ఎంతమంది, ఆ విశ్వవిద్యాలయం నుంచి తమకు ముట్టే కమిషన్ ఎంత. ఆ జవాబులు చేతికి వచ్చేదాకా అడ్వాన్సు కట్టవద్దు, రుణ దరఖాస్తు మీద సంతకం చేయవద్దు.