నిద్రపోయినవాళ్ళ చేత స్టార్లు వేయించేదెట్లా?

ప్రశ్న: తెలుగు హిప్నసిస్ ఆడియోలు పంచుకునే సైటు నడుపుతున్నాం. 160 దాకా ఆడియోలు ఉండాయి. వినేవాళ్ళకు కొదవ లేదు, స్టార్లు వేసేవాళ్ళే లేరు. ఆడియో అయిపోగానే రేటింగ్ అడిగే పెట్టె కూడా పెట్టినాం. ఇంకేం చేయాల?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: పెట్టెలో తప్పు లేదు, అది వచ్చే వేళే తప్పు. నిద్ర పట్టించే ఆడియో బాగా పనిచేస్తే, అది ముగిసేసరికి విన్నవాడు గురక పెడుతుంటాడు. మీ పెట్టె కనబడేది నిద్ర పట్టనివాడికే. ఆ చిరాకులో ఒక్క స్టారు కొడతాడు. అంటే ఎంత మంచి ఆడియో అయితే అంత తక్కువ మార్కులు! పగటిపూట వినే ఆడియోలది ఇంకో తిప్పలు. ‘ఒకటి నుంచి ఐదు లెక్కపెడతాను, కళ్ళు తెరవండి’ అన్న నిమిషంలో ఒళ్ళు దూదిలా ఉంటుంది, ఎవరైనా ఐదే వేస్తారు.

నిద్ర ఆడియోలకు మర్నాడు అడగండి. శ్రోత మళ్ళీ సైటు తెరవగానే పైన ‘రాత్రి విన్నది ఎలా ఉంది?’ అని ఒక్క వరుస చాలు. తెల్లవారుజామునే ఫోన్ మోగించి అడగొద్దు, సుప్రభాతం పాడడానికి వేరేవాళ్ళున్నారు. పరీక్షల భయం, గోళ్ళు కొరకడం లాంటివాటికి ఒక్కసారి వింటే తేలదు. మూడుసార్లు విన్నాక, వారం ఆగి అడగాలి.

అడిగేది కూడా మార్చండి. గొంతు నచ్చి, వెనక ఫ్యాను హోరు నచ్చనివాడు ఎన్ని స్టార్లు వేయాలి? మూడు వేస్తాడు, ఆ మూడుతో మీకేమీ తెలియదు. గొంతు హాయిగా ఉందా, శబ్దం శుభ్రంగా ఉందా, అనుకున్న పని జరిగిందా అని మూడు ముక్కలుగా అడిగి, అవును–కాదు బటన్లు ఇవ్వండి. దాదాపు అందరూ ఐదే వేస్తుంటే యూట్యూబ్ కూడా 2010లో స్టార్లు తీసేసి లైకులకు మారింది. మూడో జవాబును మాత్రం విడిగా చూపించండి. హిప్నసిస్‌కు అందరూ ఒకేలా లొంగరు. ఆ తేడాను కొలవడానికే 1959లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో వైట్జెన్‌హోఫర్, హిల్గార్డ్ అనే మనస్తత్వవేత్తలు ఒక కొలమానం తయారుచేశారు. ‘నాకు పనిచేయలేదు’ అన్న మాట ఒక్కోసారి ఆడియో గురించి కాదు, విన్న మనిషి గురించి.

ప్రశ్న: ఇద్దరు స్నేహితులు ఐదేసి స్టార్లు వేసిన ఆడియో పైన కూర్చుంటోంది. 40 మంది వేసి 4.4 సగటు వచ్చినది కిందికి పోతోంది. దీనికి మందుందా?
– చిత్తూరు

జవాబు: ఉంది. ప్రతి ఆడియోకూ సైటు సగటుతో పది ఉత్తుత్తి ఓట్లు ముందే వేసి లెక్క కట్టండి. సైటు సగటు 3.8 అనుకుందాం. మొదటిదానికి 38కి 10 కలిపి, 12తో భాగిస్తే 4.0. రెండోదానికి 38కి 176 కలిపి, 50తో భాగిస్తే 4.28. వరుస సరిపోయింది. అయితే పైనున్నదాన్నే అందరూ వింటారు, దానికే ఓట్లు పడతాయి. మొదటి పేజీలో పది చోట్లుంటే రెండు, పది ఓట్లు కూడా రాని కొత్తవాటికి వదిలేయండి.

ప్రశ్న: రేటింగ్ ఉండగా మళ్ళీ మంచి ఆడియోలు ఏరి పెట్టే మనుషులెందుకు?
– పలమనేరు

జవాబు: స్టార్లు చెప్పనివి చాలా ఉంటాయి. ఏరేవాళ్ళు ఒక్కో ఆడియోను ఇద్దరు చొప్పున, ఇయర్‌ఫోన్లతో, చివరిదాకా వినాలి. మెలకువగా ముగియాల్సిన ఆడియోలో మేల్కొలిపే లెక్క ఉందా? బండి నడుపుతూ వినొద్దన్న మాట మొదట్లోనే ఉందా? (తిరుమల ఘాట్ రోడ్డులో చెవిలో ఇది పెట్టుకున్నవాణ్ణి ఊహించుకోండి.) మూర్ఛ, తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి వినాలని రాశారా? ఉన్నట్టుండి సంగీతం పెద్దగా మోగుతోందా? ఒక్క ఉలికిపాటుతో పావుగంట శ్రమ గంగలో కలుస్తుంది. ‘షుగరు నయమవుతుంది’ లాంటి పేర్లు చూడగానే తీసేయండి, షుగరు లాంటి జబ్బులను నయం చేస్తామనే మందుల, మాయ వైద్యాల ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది.

నెగ్గినవాటిని ‘నిద్ర, 20 నిమిషాలు, ఆడ గొంతు, చిత్తూరు యాస’ అన్నట్టు జాబితాలు కట్టండి. జాబితాకు ఎనిమిది మించొద్దు. కింద ఏరినవాళ్ళ పేరు, ఎందుకు ఏరారో ఒక్క వాక్యం ఉండాలి. మూడు నెలలకోసారి మళ్ళీ విని, పాతబడ్డవి మార్చండి.