తల్లిపాలలో హార్మోన్లు ఉంటాయా?

ప్రశ్న: మా కుక్క నిన్న రాత్రి ఈనింది. ఒక పిల్ల బక్కగా ఉంది, మిగతావి తోసేస్తున్నాయి. ఆవుపాలు పట్టొచ్చా? తల్లిపాలలో హార్మోన్లు ఉంటాయట, నిజమేనా?

జవాబు: నిజమేనండి. ముర్రుపాలలో ఇన్సులిన్, థైరాక్సిన్ లాంటి హార్మోన్లు, పేగు పెరగడానికి తోడ్పడే పదార్థాలు ఉంటాయి, వాటితోపాటు పిల్లను రోగాల నుంచి కాపాడే యాంటీబాడీలు కూడా వస్తాయి, కానీ వాటిని పేగు పీల్చుకునేది మొదటి 24 గంటల్లోనే, అదీ గంటగంటకూ తగ్గిపోతుంది. అందుకే ఆలస్యం చేయకండి. ఆవుపాలలో ఇవి తగినంత దొరకవు, పైగా కొవ్వు, ప్రొటీన్ తక్కువ. ముందు పిల్ల ఒళ్లు చల్లగా ఉందేమో చూసి మెల్లగా వెచ్చబెట్టండి, తర్వాత చనుమొన నోట్లో పెట్టి పట్టుకోండి. అది చప్పరిస్తుంటే తల్లిలో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై పాలు దిగుతాయి. అప్పటికీ తాగకపోతే వెంటనే పశువైద్యుడికి చూపించండి.